ఎలిప్టికల్ కొంటున్నారా? డిస్‌ప్లే మీద నంబర్లు చూసి మాత్రం కొనొద్దు

ఫోన్ రివ్యూ అంటే ఒక దారి ఉంటుంది. బెంచ్‌మార్క్ రన్ చేస్తాం, స్క్రీన్ ఆన్ టైమ్ ఎంత వచ్చిందో చూస్తాం, రాత్రి పూట నాలుగు ఫోటోలు తీస్తాం. ఎలిప్టికల్ ట్రైనర్‌కి అలాంటివేవీ లేవు. షాపింగ్ సైట్లలో రివ్యూలు చదివితే సగం "డెలివరీ ఫాస్ట్‌గా వచ్చింది, ఫైవ్ స్టార్స్" రకం. మిగతా సగం మొదటి వారంలో రాసినవి. నాలుగో నెలకి ఆ మెషీన్ మీద తడి టవల్ ఆరేసి ఉందా, మనిషి ఎక్కుతున్నాడా అనేది ఎవరూ రాయరు.

అందుకే ఈసారి ఫోన్లు పక్కన పెట్టి, ఆరు వారాలు ఒక ఎలిప్టికల్ వాడి, కొలిచి రాస్తున్నా. సొంత డబ్బుతో కొన్నదే, ఏ కంపెనీ పంపలేదు. ధర 19 వేల చిల్లర. మాన్యువల్ నాబ్, 8 రెసిస్టెన్స్ లెవెల్స్, బ్యాటరీతో నడిచే చిన్న డిస్‌ప్లే, "యాప్ కనెక్టివిటీ" అని బాక్స్ మీద పెద్ద స్టిక్కర్. బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు. చూడటానికి అచ్చం ఇలాగే ఉన్న మెషీన్, స్టిక్కర్ రంగు మారి, ఇంకో మూడు పేర్లతో అమ్ముతున్నారు. మీరు ఏ పేరుతో కొన్నా కింద చెప్పే టెస్టులు మీ ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇంతకీ కొన్నది నా కోసం కాదు, నాన్న కోసం. వయసు 58. పోయిన ఏడాది స్టెంట్ పడింది. మోకాళ్లు కూడా అంతంత మాత్రమే. తెనాలిలో ఉన్నప్పుడు పొద్దున్నే నడిచేవారు. మా మియాపూర్ ఫ్లాట్‌కి వచ్చాక నడవడానికి చోటు లేదు, ఫుట్‌పాత్ మీద బైక్‌లు ఉంటాయి, వానాకాలం అయితే అదీ లేదు. కార్డియాలజిస్ట్ ఎలిప్టికల్ ఓకే అన్నారు. ఒక్క షరతు: ప్రస్తుతానికి హార్ట్ రేట్ 110 దాటకూడదు. కాబట్టి మన రివ్యూల్లో "ఆక్యురసీ కొంచెం అటూ ఇటూ ఉంది" అని ఒక లైన్‌లో వదిలేసే విషయం ఇక్కడ వదిలేసేది కాదు.

ముందు లోపల ఏముందో చూద్దాం

ఎలిప్టికల్ పాత ఐడియా ఏం కాదు. 1995లో అమెరికాకి చెందిన ప్రీకోర్ కంపెనీ దీన్ని జిమ్‌లలోకి తెచ్చింది. పాదం పెడల్ మీద నుంచి లేవకుండానే పరుగులాంటి కదలిక రావాలి, అదీ లెక్క. పాదం నేలని గుద్దడం ఉండదు కాబట్టి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తడంతో పోలిస్తే మోకాలి మీద దెబ్బ తగ్గుతుంది.

మెషీన్ లోపల ఒక ఫ్లైవీల్, దాన్ని పెడల్స్‌కి కలిపే బెల్ట్, ఫ్లైవీల్ అంచు దగ్గర అయస్కాంతాలు ఉంటాయి. నాబ్ తిప్పితే సైకిల్ బ్రేక్ కేబుల్ లాంటి తీగ ఆ అయస్కాంతాల్ని చక్రానికి దగ్గరగా లాగుతుంది. తిరుగుతున్న లోహంలో ఎడ్డీ కరెంట్స్ పుట్టి, ఆ తిరగడాన్నే అడ్డుకుంటాయి. ఇంటర్‌లో బట్టీ పట్టిన లెంజ్ నియమం ఇదే. ఒకదానికొకటి తగలవు కాబట్టి అరుగుదల లేదు, శబ్దం లేదు. "మాగ్నెటిక్ రెసిస్టెన్స్" అని రాసి ఉంటే దాని అర్థం ఇది. దీనికంటే చవకగా ఫెల్ట్ ప్యాడ్ రాసుకునే రకం కూడా అమ్ముతున్నారు. ఆ ప్యాడ్ అరుగుతుంది, వద్దు.

ఫ్లైవీల్ బరువు గురించి ఒక మాట. స్పెక్ షీట్‌లో ఇది కెమెరా మెగాపిక్సెల్స్ లాంటిది. 8 కిలోలు అంటే 5 కిలోల కంటే మంచిదనుకుంటాం. కానీ పెడల్ ఒకసారి తిరిగితే చక్రం ఎన్నిసార్లు తిరుగుతుందో అది ఎవరూ రాయరు. కాలికి తెలిసే జడత్వం ఆ గేర్ రేషియో వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒకే సైజు చక్రాలు అనుకుని లెక్కేయండి: 5 కిలోల చక్రం 8 రెట్లు తిరిగితే 5 ఇంటూ 64, అంటే 320. 8 కిలోల చక్రం 5 రెట్లే తిరిగితే 8 ఇంటూ 25, అంటే 200. చిన్న చక్రమే స్మూత్‌గా ఉంటుంది. షోరూమ్‌కి వెళ్లే వీలుంటే కాలు ఆపి చూడండి. పెడల్స్ మెల్లగా రెండు మూడు చుట్లు తిరిగి ఆగితే బాగున్నట్టు. ఠక్కున ఆగితే స్పెక్ షీట్‌లో ఎన్ని కిలోలు రాసినా ఒకటే.

కొనే ముందు నేను నిజంగా పట్టించుకోమని చెప్పే నంబర్ స్ట్రైడ్ లెంత్. పెడల్ ముందు చివర నుంచి వెనక చివర వరకు ఎంత దూరం కదులుతుందో అది. జిమ్ మెషీన్లలో 18 నుంచి 20 అంగుళాలు ఉంటుంది. 20 వేల లోపు ఇంటి మోడల్స్‌లో 12 నుంచి 16 దగ్గరే ఆగిపోతుంది. మా మెషీన్ ప్రోడక్ట్ పేజీలో 16 అని ఉంది. నేల మీద రెండు చోట్లా సెల్లోటేప్ అంటించి కొలిస్తే 14 వచ్చింది. నాన్న ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, ఆయనకి సరిపోయింది. నేను 5 అడుగుల 9 అంగుళాలు. నాకు మాత్రం పరుగులా లేదు, మెట్ల మీద నిలబడి కాళ్లు మార్చుకుంటున్నట్టు ఉంది. మీరు 5.10 పైన ఉండి, బడ్జెట్ 20 వేల లోపు అయితే, ఇదే డబ్బుకి మంచి ఎక్సర్‌సైజ్ బైక్ వస్తుంది. దాన్ని చూడండి.

ఇంకో సంగతి. "క్రాస్ ట్రైనర్" అని సెర్చ్ చేస్తే హ్యాండిల్స్ కదిలే సైకిళ్లు కూడా అదే పేరుతో వస్తాయి. ఫోటోలో సీటు ఉందంటే జూమ్ చేసి చూడండి. నిలబడి తొక్కే పొడవాటి పెడల్స్ లేకపోతే అది ఎలిప్టికల్ కాదు.

డిస్‌ప్లే టెస్ట్: లెవెల్ 2, లెవెల్ 8

ఈ డిస్‌ప్లే ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని మీద గౌరవం అక్కడితో పోతుంది. తిరిగే భాగానికి ఒక చిన్న అయస్కాంతం, దాని ఎదురుగా ఒక రీడ్ స్విచ్. చుట్టు పూర్తయిన ప్రతిసారీ ఒక క్లిక్. అంతే, డిస్‌ప్లేకి వెళ్లేది ఆ ఒక్క వైరే. క్లిక్స్‌ని ఏదో ఒక స్థిర సంఖ్యతో గుణిస్తే దూరం, ఇంకో సంఖ్యతో గుణిస్తే క్యాలరీలు. మీ బరువు అడగదు. నాబ్ ఏ లెవెల్‌లో ఉందో దానికి తెలిసే దారే లేదు, ఎందుకంటే నాబ్ నుంచి వెళ్లేది ఉట్టి ఇనుప తీగ.

ఇది నిజమో కాదో చూడటం తేలిక. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టి నిమిషానికి 100 బీట్స్ సెట్ చేశా. ఒక్కో బీట్‌కి ఒక్కో కాలు, అంటే నిమిషానికి 50 చుట్లు. లెవెల్ 2లో 10 నిమిషాలు. గంట రెస్ట్. మళ్లీ లెవెల్ 8లో అదే స్పీడ్‌తో 10 నిమిషాలు. లెవెల్ 2లో నా హార్ట్ రేట్ 108 దగ్గర నిలబడింది, మొహం మీద చెమట కూడా పెద్దగా లేదు. లెవెల్ 8లో 139, టీషర్ట్ పిండొచ్చు. డిస్‌ప్లే మాత్రం రెండుసార్లూ 92 క్యాలరీలే చూపించింది. ఆ తర్వాత నాన్న లెవెల్ 2లో అదే స్పీడ్‌తో చేశారు. నాకంటే 12 కిలోలు ఎక్కువ ఉంటారు. ఆయనకీ 92.

పోనీ అసలు ఎంత ఖర్చయి ఉంటుంది? పరిశోధకులు వాడే కంపెండియం ఆఫ్ ఫిజికల్ యాక్టివిటీస్ అనే పట్టిక ఉంది. 2011 ఎడిషన్‌లో ఎలిప్టికల్ మీద ఓ మోస్తరు శ్రమకి 5 మెట్స్ అని ఇచ్చారు. మెట్స్‌ని బరువుతో, గంటలతో గుణిస్తే సుమారుగా క్యాలరీలు వస్తాయి. నా బరువు 66 కిలోలు, అరగంట: 165. మా డిస్‌ప్లే లెక్కన అరగంటకి 276. పైగా ఆ 165లో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే 33 కూడా కలిసి ఉంది. "276 తగ్గించా కదా" అని రెండు ఇడ్లీలు ఎక్కువ లాగించేవాళ్లకి నెల తర్వాత వెయింగ్ మెషీన్ ఎందుకు కదలట్లేదో ఇక్కడ అర్థమవుతుంది.

స్మార్ట్ వాచ్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారా? క్యాలరీల విషయంలో అవీ గొప్పగా ఏం లేవు. 2017లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్లు చేతికి కట్టుకునే ఏడు పరికరాల్ని పరీక్షించారు. క్యాలరీల్లో అన్నిటికంటే మెరుగైనది కూడా 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం. అదే స్టడీలో హార్ట్ రేట్ విషయానికి వస్తే, ఏడింట్లో ఆరు 5 శాతం లోపు తేడాతోనే చూపించాయి. అంటే వాచ్‌లో హార్ట్ రేట్ చూడొచ్చు, క్యాలరీలు వదిలేయాలి. స్టెప్స్ సంగతి చెప్పక్కర్లేదు. కదిలే హ్యాండిల్స్ పట్టుకుంటే వాచ్ స్టెప్స్ లెక్కేస్తుంది, కదలని హ్యాండిల్ పట్టుకుంటే చేయి ఊగదు కాబట్టి దాదాపు సున్నా.

పల్స్ సెన్సర్: ఇక్కడే అసలు ప్రాబ్లమ్

కదలని హ్యాండిల్స్ మీద రెండు మెరిసే పట్టీలు ఉంటాయి. అరచేతులు ఆనిస్తే పల్స్ చూపిస్తుంది. గుండె నుంచి వచ్చే చాలా చిన్న విద్యుత్ సిగ్నల్‌ని రెండు చేతుల మధ్య పట్టుకోవాలి. కదలకుండా నిలబడితే పట్టుకుంటుంది కూడా. కానీ కాళ్లు ఊగుతూ, భుజాలు కదులుతూ, చెమట పట్టిన చేతులతో ఉంటే కండరాల సిగ్నల్ అంతా అందులో కలుస్తుంది. ఆ గోలలోంచి గుండెని వేరు చేసే సర్క్యూట్ ఈ ధరలో పెట్టరు.

ఆఫీసులో సైక్లింగ్ చేసే కొలీగ్ దగ్గర ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ అరువు తెచ్చా. నిలబడి ఉన్నప్పుడు హ్యాండిల్ 78, స్ట్రాప్ 76. బాగానే ఉంది. నాన్న ఎక్కి ఎనిమిది నిమిషాలు తొక్కాక హ్యాండిల్ 86 చూపించింది.

"ఒరేయ్, ఎనభై ఆరే ఉంది కదా, ఇంకాస్త స్పీడ్ పెంచనా?" అన్నారు.

నా ఫోన్‌లో స్ట్రాప్ రీడింగ్ 117.

"ఆగు నాన్నా, మెల్లగా ఆపెయ్" అన్నా. ఆయనకి ఆయాసం లేదు, ఏ ఇబ్బందీ లేదు. కానీ డాక్టర్ గీసిన గీత 110. డిస్‌ప్లే చూసుకుంటూ ఉంటే నాన్న ఆ గీత ఎప్పుడో దాటి, ఇంకా స్పీడ్ పెంచేవారు. తర్వాతి నాలుగు రోజులూ రెండూ పక్కపక్కన రాసుకున్నా. కదులుతున్నప్పుడు తేడా కొన్నిసార్లు 5, కొన్నిసార్లు 35. ఎప్పుడూ ఒకేలా తప్పితే సరిచేసుకోవచ్చు. ఇది ఒక్కోసారి ఒక్కోలా తప్పుతోంది, కాబట్టి ఏం చేయలేం.

దీనికి తోడు డిస్‌ప్లే పక్కన ఒక చార్ట్ అతికించి ఉంటుంది: 220లోంచి వయసు తీసేయండి, అందులో ఇంత శాతం ఫ్యాట్ బర్న్, ఇంత శాతం కార్డియో అని. నాన్న వయసుకి 162 అవుతుంది. గుండె జబ్బులకి, బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్ మందులు వేసుకునేవాళ్లకి గుండె వేగం అసలు అంత పైకి పోదు, పోనివ్వకూడదనే ఆ మందు. నాన్న వేసుకునే వాటిలో అదీ ఉంది. అంటే ఆ చార్ట్ ఆయనకి పనికిరాకపోవడమే కాదు, తప్పుదారి పట్టిస్తుంది. మెషీన్ వచ్చిన రెండో వారం దాన్ని పీకేశా. డిస్‌ప్లే మీద పల్స్ కనిపించే మూలకి నల్ల ఇన్సులేషన్ టేప్ వేశా. ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొనేవాళ్లంతా ఈ రెండు పనులూ బాక్స్ విప్పిన రోజే చేసేయండి. లిమిట్ ఎంత అనేది మీ డాక్టర్‌నే అడగండి. నాన్న నంబర్ మీ ఇంట్లో వాడొద్దు.

కొలీగ్ స్ట్రాప్ తిరిగి ఇచ్చేసి మాది ఒకటి కొన్నాం. ఛాతీ స్ట్రాప్‌లతో ఉన్న సుఖం ఏంటంటే అవి బ్లూటూత్‌లో ఒక స్టాండర్డ్ ప్రకారం మాట్లాడతాయి. హార్ట్ రేట్ సర్వీస్ నంబర్ హెక్స్‌లో 180డి, రీడింగ్ వచ్చే క్యారెక్టరిస్టిక్ 2ఎ37. మొదటి బైట్ ఫ్లాగ్స్, సాధారణంగా రెండో బైటే హార్ట్ రేట్. పైథాన్‌లో బ్లీక్ లైబ్రరీతో ముప్పై లైన్ల స్క్రిప్ట్ రాసి పాత ల్యాప్‌టాప్‌లో పెట్టా. 105 దాటితే ఒక బీప్, 110 దాటితే ఆగకుండా బీప్. కోడింగ్ వద్దనుకుంటే చాలా వాచ్‌లలో వర్కౌట్ టైమ్‌లో హార్ట్ రేట్ అలర్ట్ సెట్ చేసుకునే ఆప్షన్ ఉంటుంది, అదీ చాలు. ఇవేవీ మెడికల్ పరికరాలు కావు. అందుకే నాన్నకి ఇంకో రూల్ కూడా ఉంది: తొక్కుతూ అమ్మతో మామూలుగా మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే బీప్ రాకపోయినా స్లో చేయాలి. అమ్మ ఈ డ్యూటీ చాలా సీరియస్‌గా తీసుకుంది. ఆ అరగంటలో తెనాలి చుట్టాలందరి కబుర్లూ అయిపోతున్నాయి.

"యాప్ కనెక్టివిటీ" అంటే ఏంటో

ఫిట్‌నెస్ మెషీన్లకి కూడా బ్లూటూత్‌లో ఒక స్టాండర్డ్ ఉంది. ఎఫ్‌టీఎంఎస్ అంటారు, 2017లో వచ్చింది, సర్వీస్ నంబర్ 1826. మెషీన్ ఇది సపోర్ట్ చేస్తే కినోమ్యాప్ లాంటి థర్డ్ పార్టీ యాప్స్‌తో పనిచేసే ఛాన్స్ ఉంటుంది. చెక్ చేయడానికి నార్డిక్ వాళ్ల ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ యాప్ ఫ్రీగా దొరుకుతుంది. మెషీన్ పెడల్ కదిపి డిస్‌ప్లే ఆన్ చేసి, స్కాన్ కొట్టి, సర్వీసుల లిస్ట్‌లో 1826 ఉందో లేదో చూడండి.

మా దాంట్లో లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎఫ్0 అని ఒక సొంత సర్వీస్ ఉంది, అంటే వాళ్ల యాప్ తప్ప ఇంకేదీ పనిచేయదు. ఆ యాప్ ఇన్‌స్టాల్ చేస్తే కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగింది. పాత ఆండ్రాయిడ్ వెర్షన్లలో బ్లూటూత్ స్కాన్‌కి లొకేషన్ కావాలంటే అర్థం ఉంది, కాంటాక్ట్స్‌తో పనేంటి? అన్‌ఇన్‌స్టాల్. ఎలాగూ అది చూపించేది ఆ రీడ్ స్విచ్ క్లిక్స్‌నే, కాకపోతే రంగురంగుల గ్రాఫ్‌లో. ఈ స్టిక్కర్ కోసం రెండు మూడు వేలు ఎక్కువ పెట్టకండి.

ఫ్లాట్‌లో పెట్టుకునేవాళ్లకి

బరువు 38 కిలోలు. లిఫ్ట్ ఉంది కాబట్టి సరిపోయింది, బిగించడానికి ఇద్దరికి గంటన్నర పట్టింది. ఎడమ పెడల్ బోల్ట్ మర ఉల్టా ఉంటుంది, అపసవ్య దిశలో తిప్పితేనే బిగుస్తుంది. సైకిల్ పెడల్ కూడా అంతే. బలంగా ఉల్టా తిప్పి మర పాడు చేస్తే ఆ పార్ట్ దొరకడం కష్టం, అందుకే ఎడమ, కుడి స్టిక్కర్లు ముందు చూసుకోండి.

ఫ్యాన్ కింద పెట్టకండి. పెడల్ పైకి వచ్చినప్పుడు నేల నుంచి 15 అంగుళాలు ఉంది. నేను ఎక్కితే తల 7 అడుగుల దగ్గర ఉంటుంది. మా ఫ్యాన్ రెక్కలు 8 అడుగుల ఎత్తులో ఉన్నాయి. చెమట తుడుచుకోవడానికి చేయి పైకెత్తితే చాలు. ఫ్యాన్ గాలి పక్క నుంచి వచ్చేలా పెట్టుకుంటే బెటర్.

శబ్దం ఫోన్ యాప్‌తో కొలిచా. ఫోన్ మైక్ అసలు విలువ కరెక్ట్‌గా చెప్పదు, కానీ ముందుకీ తర్వాతకీ పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఒట్టి ఫ్యాన్‌కి 41 డెసిబెల్స్, మెషీన్ తిరుగుతుంటే 49. పక్క గదిలో పడుకున్నవాళ్లు లేవరు. మూడో వారం నుంచి కిర్రు కిర్రుమని మొదలైంది, 56కి వెళ్లింది. కీళ్ల దగ్గర బుష్‌లకి కొంచెం గ్రీజు పెట్టి, ఆలెన్ కీతో బోల్టులన్నీ మళ్లీ బిగిస్తే 50కి దిగింది. అప్పట్నుంచి రెండు వారాలకోసారి ఆదివారం ఇదొక పని. కింద రబ్బర్ మ్యాట్ వేయండి, శబ్దం కంటే కింది ఫ్లోర్‌కి అదురు తగ్గుతుంది. కింది ఇంటి ఆంటీని అడిగా, ఏమీ వినిపించట్లేదు అన్నారు.

డబ్బుల లెక్క

19 వేల మెషీన్, పైన స్ట్రాప్ ఖర్చు. నాన్నకి ఇది సరిపోయింది. వారానికి ఐదు రోజులు, లెవెల్ 2 లేదా 3లో పావుగంటతో మొదలై ఇప్పుడు అరగంటకి వచ్చారు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, ఐదు అరగంటలు అంటే అదే లెక్క. నాకైతే ఇది సరిపోదు. స్ట్రైడ్ చిన్నది, లెవెల్ 8 కూడా రెండు నెలల్లో అలవాటైపోతుంది. నాలాంటివాళ్లు 18 అంగుళాల స్ట్రైడ్, మోటార్‌తో మారే రెసిస్టెన్స్, 1826 సర్వీస్ ఉన్నదే చూడాలి. రెసిస్టెన్స్ డిస్‌ప్లే నుంచి మారితే కనీసం లెవెల్ ఎంతో దానికి తెలుస్తుంది, లెక్క కొంచెం నయం. కానీ అప్పుడు బడ్జెట్ రెట్టింపు అవుతుంది. అంత పెట్టే ముందు దగ్గర్లో జిమ్‌లో నెల ఫీజు కట్టి, అక్కడి ఎలిప్టికల్ మీద వారానికి నాలుగు రోజులు ఎక్కుతున్నారో లేదో చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కూడా ఆప్షనే. సగం ధరకి దొరికేవి చాలా ఉన్నాయి, కాకపోతే వెళ్లి తొక్కి, కిర్రు శబ్దం విని, పెడల్ పక్కకి ఊగుతోందేమో చేత్తో పట్టి చూశాకే డబ్బులు ఇవ్వండి.

ఆన్‌లైన్‌లో కొంటే బాక్స్, థర్మాకోల్ రిటర్న్ గడువు అయ్యేదాకా పారేయొద్దు. టేప్‌తో స్ట్రైడ్ కొలవడం, లెవెల్ టెస్ట్, బ్లూటూత్ స్కాన్ మూడూ మొదటి రెండు రోజుల్లోనే చేసేయండి. స్ట్రైడ్ పేజీలో రాసినంత లేకపోతే టేప్ పెట్టి ఫోటో తీసి, ఆ ఫోటోతోనే రిటర్న్ రిక్వెస్ట్ పెట్టండి. ఆ బీప్ స్క్రిప్ట్ ఎవరికైనా కావాలంటే అడగండి, ఇస్తా. లిమిట్ నంబర్ మాత్రం మీరే మార్చుకోవాలి.